పడవవాడి తాడు

అన్యాయం ఎవరికి జరిగింది? ఎవరి వల్ల, ఎలా జరిగింది?

విచారణకు కూర్చున్న ప్రతిసారీ మొదటి కాగితం మీద ఈ ప్రశ్నలు రాసి, కింద గీత గీసి, మిగతా పేజీ ఖాళీగా ఉంచడం నా పద్ధతి. ప్రధానోపాధ్యాయినిగా పదవీ విరమణ చేసి పదహారేళ్ళయినా, చిక్కు ఫిర్యాదు వచ్చినప్పుడల్లా పరీక్షల బోర్డు వారు నన్ను పిలవడానికి కారణం ఆ ఖాళీ పేజీయే అనుకుంటాను. ఈసారి మాత్రం ఫైలు తెరవకముందే ఆ పేజీ నింపేశాను. "ఇరవైముగ్గురు పిల్లలకు. వారి సాహిత్యం మాస్టారి వల్ల. తరగతిలో వీడియో గేములు ఆడించడం ద్వారా." ఈ మూడు వాక్యాల్లో మొదటిది ఒక్కటే నిజమని తేలడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది.

ఫైలు తెచ్చినవాడు బోర్డు కార్యదర్శి. మా ఇంటి ముందుగదిలో కుర్చీ అంచున కూర్చుని చేతి గడియారం చూసుకున్నాడు.

"గంటలో తేలిపోయే పని మేడమ్. ఒకే బడి, ఇరవైముగ్గురు పిల్లలు, పది మార్కుల ప్రశ్నకి అందరిదీ ఒకే జవాబు. కాపీ కొట్టేవాళ్ళు కనీసం గైడులో ఉన్నది కొడతారు కదా. ఇది గైడులో లేదు, పాఠంలో లేదు. వాళ్ళ మాస్టారు క్లాసులో ఏదో వరద గేము ఆడిస్తాడట. అందులోంచి దింపేశారు."

"దిద్దినవారు ఎన్ని మార్కులు వేశారు?"

"సున్నా. అందరికీ. ఫలితాలు ఆపేశాం. మీరు ఊఁ అంటే పిల్లలకు ఏడాది పోతుంది, మాస్టారికి ఉద్యోగం పోతుంది." గొంతు తగ్గించి, "నమూనా జవాబు మీరు రాసిందే కాబట్టి మీకంటే తగినవాళ్ళు ఎవరున్నారు మేడమ్," అన్నాడు.

ఆ మాటకు నేను కొంచెం గర్వపడ్డానని ఒప్పుకోవాలి. ఆ పడవ పాఠం పుస్తకంలో చేరిన ఏడాది, అంటే నలభైరెండేళ్ళ క్రితం, దానికి నమూనా జవాబు రాసింది నేనే. పాఠం చిన్నది, ఆరు పేజీలు. వరదలో మునిగిన పిండిమర కప్పు మీద ఏడుగురు చిక్కుకుంటారు. ఒక పడవవాడు వస్తాడు. పడవలో అతను కాక ఆరుగురికే చోటు. ఆరుగురిని ఎక్కించుకొని, ఏడో మనిషైన ముసలామెను కప్పు మీదే వదిలి ఒడ్డుకు చేరతాడు. అందరూ దిగుతారు, అతను మాత్రం దిగడు. కథ అక్కడితో ఆగిపోతుంది. "పడవవాడి స్వభావాన్ని వివరించండి" అన్నది ప్రశ్న. ఆపదలో మనిషి స్వార్థపరుడవుతాడనీ, సిగ్గు వల్లనే అతను ఒడ్డున కాలు పెట్టలేకపోయాడనీ నా జవాబు. గైడులన్నీ దాన్నే అచ్చు వేసుకున్నాయి. ఇరవైఆరేళ్ళు నేను దాన్నే బోధించాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మా చెల్లెలు అడిగింది, ఈసారి ఎవరి మెడ మీద కత్తి పెడుతున్నావని.

ఆమెకూ నాకూ పదహారేళ్ళ తేడా. అమ్మ పోయినప్పుడు దానికి ఎనిమిదేళ్ళు. తల్లీ తండ్రీ అన్నీ నేనే అయి పెంచాను. బస్సు డిపోలో, ప్రయాణికులు మరిచిపోయిన వస్తువులు భద్రపరిచే గదిలో, గుమాస్తాగా ముప్పైఏడేళ్ళు పనిచేసి మొన్ననే రిటైరయింది. గొడుగులు, టిఫిన్ క్యారేజీలు, కట్టుడు పళ్ళు, ఒకసారి పూర్తి హార్మోనియం, అన్నీ ఆమె చేతుల మీదుగా సొంతదారులకు చేరాయి.

"కత్తి ఎవరి మెడ మీదా పెట్టను. సాక్ష్యం చూస్తాను," అన్నాను.

"చూస్తావులే. తీర్పు రాసుకున్నాక. ఇంతకీ ఏం రాశారట పిల్లలు?"

"పడవవాడు తన తాడుతో ముసలామెను పొగగొట్టానికి కట్టి వచ్చాడట. మళ్ళీ వెళ్ళి తీసుకురావడానికే పడవ దిగలేదట. కాకమ్మ కథలు."

చెల్లెలు గిన్నెలో గరిటె ఆపింది. "అలాగా," అంది. తర్వాత నాకు కూర వడ్డించింది. ఆ గరిటె ఎందుకు ఆగిందో పట్టించుకునే తీరిక అప్పుడు నాకు లేదు.

మర్నాడు బడికి వెళ్ళాను. ఆ పిల్లలు ఇప్పుడు అదే బడిలో, అదే మాస్టారి దగ్గర, పై తరగతిలో ఉన్నారు. ఫలితం తేలలేదు గనుక ఎవరి పేరూ హాజరుపట్టీలోకి ఎక్కలేదు. మూడో అంతస్తు చివరి గది. కిటికీలకు గోధుమరంగు అట్టకాగితం అంటించారు. నాలుగు లావుపాటి నిఘంటువుల మీద ప్రొజెక్టరు. తెర లేదు, సున్నం వేసిన గోడే తెర. మాస్టారికి ముప్పై దాటి ఉండవు. సన్నటి మనిషి, చొక్కా చేతుల నిండా సుద్దపొడి. తన ఉద్యోగం నా చేతిలో ఉందని తెలిసినా తడబడలేదు.

"కుర్చీ వేయించమంటారా మేడమ్?"

"బెంచీ చాలు. పిల్లలు చూసేదే నేనూ చూడాలి. రోజూ ఎలా నడుపుతారో అలాగే నడపండి. నా కోసం ఏదీ మార్చవద్దు."

"మార్చడానికి ఇంకేం రాదు మేడమ్," అని దీపాలు ఆర్పాడు.

గోడ మీద నది పారింది. నిజం చెప్పాలంటే అది చూడముచ్చటగా ఉంది. చిన్న పడవ, మునిగిన ఇళ్ళ కప్పులు, వాటి మీద మనుషులు, మేకలు, ధాన్యం మూటలు. మూలన నాలుగు గళ్ళ సంచి బొమ్మ. పడవలో ఏ వస్తువు ఉందో అందులో కనిపిస్తుంది. ఒక వస్తువు ఎక్కడైనా పెడితే గడి ఖాళీ అవుతుంది. తిరిగి వెళ్ళి తీసుకుంటే తప్ప నిండదు.

నేను ఊహించినది అల్లరి. కనిపించినది వేరు. ఆటసాధనం ఒకటే. దాన్ని పట్టుకున్నవాడు బొటనవేలు కదపాలంటే, తరగతిలో కనీసం ముగ్గురు "ఎందుకంటే" అని కారణం చెప్పాలి. కారణం నచ్చకపోతే నాలుగోవాడు లేచి అడ్డుపడవచ్చు. ఆ రోజు ఆడుతున్న కుర్రాడిని అందరూ "తుపాకి" అంటున్నారు.

"ఎడమవైపు పోనీరా, ఎందుకంటే అక్కడ దీపం వెలుగుతోంది."

"దీపమో, నిప్పంటుకుందో."

"నిప్పయితే ఇంకా తొందరగా పోవాలి కదే."

"తొందరగా పోయి ఏం చేస్తావు, సంచిలో ఏముందో చూశావా?" ఈ ప్రశ్న కిటికీ పక్క బెంచీలో నెమ్మదిగా పుస్తకం మూస్తున్న ఒక అమ్మాయిది.

"సార్, నత్తని అడుగుతూ కూర్చుంటే వరదే తగ్గిపోద్ది," అన్నాడు తుపాకి ఆమె వైపు చూసి.

అందరూ నవ్వారు. ముగ్గురు కారణాలు చెప్పారు. పడవ ఎడమవైపు వెళ్ళింది. కప్పు దగ్గర నిలపడానికి తాడు లేదు. వెనకటి రేవులో కట్టి, విప్పుకోవడం మరిచాడు. ప్రవాహం పడవను తిప్పేసింది. లోపలి ముగ్గురు మనుషులూ గోడ మీద నీళ్ళలో కలిసిపోయారు.

మాస్టారు దీపం వేశాడు.

"ఎవరు ముంచారు?"

"నీళ్ళు సార్," అన్నాడు తుపాకి.

మాస్టారు గోడ మీది సంచి బొమ్మలో ఖాళీ గడిని చూపించాడు.

"నేనే సార్. తాడు చూసుకోలేదు."

"మళ్ళీ మొదలుపెడితే ఏం చేస్తావు?"

"ముందు సంచి చూస్తాను."

"ఆటలో మళ్ళీ మొదలుపెట్టొచ్చు. కథలో మనుషులకి ఆ వీలు లేదు, ఒక్కసారే. అందుకని వాళ్ళ తరఫున మనం రెండుసార్లు చదవాలి. పుస్తకాలు తీయండి."

ఇరవైమూడు పుస్తకాలు తెరుచుకున్నాయి. అది కొత్త పాఠం, ఒక దర్జీవాడి కథ. ప్రతి పేజీ అంచునా పెన్సిలుతో నాలుగు గళ్ళు గీసి ఉన్నాయి. చిన్నప్పుడు కాన్వెంటులో పుస్తకం మీద చుక్క పెట్టినందుకు చేతి వేళ్ళ మీద స్కేలు దెబ్బలు తిన్నదాన్ని. నా ఒళ్ళు మండింది.

"పాఠ్యపుస్తకాల మీద రాతలా?"

"సంచి పట్టిక మేడమ్. పెన్సిలే, ఏడాది చివర చెరిపేస్తాం. ఈ పేజీలో ఈ మనిషి దగ్గర ఏముంది, పేజీ తిప్పేసరికి ఏది పోయింది, ఏది చేరింది. అంతే రాస్తారు. అభిప్రాయాలు తర్వాత."

ఆ గంటలో మిగిలిన ఇరవై నిమిషాలు ఒకే పేజీ మీద గడిచాయి. దర్జీవాడి జేబులో సూది ఉందా, దిండుకు గుచ్చి ఉందా అని ఇద్దరు పిల్లలు కొట్లాటకు దిగినంత పని చేశారు. ఇద్దరూ వాక్యాలు చూపించే కొట్లాడారు. ఎవరూ గైడు పేరు ఎత్తలేదు. నేను నడిపిన తరగతుల్లో నిశ్శబ్దం ఉండేది, క్రమశిక్షణ ఉండేది, దస్తూరి ముత్యాల్లా ఉండేది. ఒక్క వాక్యం కోసం పోట్లాడిన పిల్లలు మాత్రం ఎప్పుడూ లేరు. ఆ సంగతి ఆ బెంచీ మీద కూర్చుని ఉన్నప్పుడే నాకు తోచింది. తోచినదాన్ని కాగితం మీద రాయలేదు, ఎందుకంటే విచారణ ఇంకా కాలేదు.

తర్వాతి రోజుల్లో గ్రంథాలయం గదిలో పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి ప్రశ్నించాను. పరీక్షలో వాళ్ళు మూడు వేర్వేరు గదుల్లో కూర్చున్నారని ముందే తెలుసుకున్నాను. కాపీ ఆరోపణ అక్కడే సగం చచ్చింది. మిగిలింది గేము సంగతి. ఆరో సాక్షి నత్త. బల్ల మీద పడవ పాఠం తెరిచి పెట్టుకొని, వేలు మొదటి వాక్యం కింద ఉంచి, నిటారుగా కూర్చుంది.

"ముసలామెను తాడుతో కట్టడం ఆ గేములో ఉందా?"

"లేదు మేడమ్. అందులో మనుషుల్ని కట్టడానికి అవదు. తాడు పడవకే."

"మరి ఈ జవాబు ఎక్కడిది?"

"పాఠంలోదే."

"కట్టాడని పాఠంలో ఎక్కడ ఉంది? చూపించు."

"కట్టాడని లేదు మేడమ్. తాడు పైకి ఎక్కిందని ఉంది. దిగిందని లేదు."

తర్వాత వేలు కదిపింది. మూడో పేజీ: పడవలో తెడ్డు, తాడుచుట్ట, లాంతరు, నీళ్ళు తోడే డబ్బా. నాలుగో పేజీ: తాడుచుట్టను భుజాన వేసుకొని పడవవాడు కప్పు మీదికి ఎక్కాడు. ఐదో పేజీ: ఆరుగురినీ దించి, చివర తాను ఖాళీ భుజాలతో పడవలోకి దూకాడు. ఆరో పేజీ: ఒడ్డున దిగిన ఆరుగురూ పడవ కొట్టుకుపోకుండా దాని అంచులను చేతులతో పట్టుకొని నిలబడ్డారు.

"ఒడ్డున చెట్లున్నాయి మేడమ్, ఇదిగో, పైన రాశారు. తాడుంటే చెట్టుకి కట్టేవాళ్ళు కదా. ఆరుగురు చలికి వణుకుతూ చేతులతో పట్టుకోవడం ఎందుకు? తాడు లేదు కాబట్టి. తాడు ఎక్కడుంది? కప్పు మీద. కప్పు మీద ఇంకెవరున్నారు? ముసలామె. పట్టుకోవడం కూడా ఊరికే కాదు. అతను మళ్ళీ వెళ్ళాలి కాబట్టే పట్టుకున్నారు. తెడ్డు అతని చేతిలోనే ఉందని ఆఖరి వాక్యం."

నేను నా సొంత ప్రతిని సంచిలోంచి తీశాను. అట్ట ఊడి మూడుసార్లు కుట్టించిన పుస్తకం అది. నాలుగో పేజీ చదివాను, ఐదో పేజీ చదివాను. "ఖాళీ భుజాలతో" అన్న మాట అక్కడే ఉంది. ఇరవైఆరుసార్లు బోధించిన పాఠంలో ఆ మాటను అప్పుడే మొదటిసారి చూశాను.

"నిన్ను నత్త అని ఎందుకంటారు?"

"మెల్లగా చదువుతాను మేడమ్. అందరూ మూడో పేజీలో ఉంటే నేను మొదటి పేజీలో ఉంటాను. ఇదివరకు చదివించేవాళ్ళే కాదు నాచేత. ఇప్పుడు పర్లేదు. నేను ఆడితే పడవ మునగదు, అందుకని వాళ్ళే ఆగుతారు." తర్వాత అడగకుండానే చెప్పింది. "సార్‌ని ఏమీ అనకండి మేడమ్. గైడులో జవాబు రాస్తే మార్కులు ఖాయం అని సార్ ముందే చెప్పారు. మేమే వద్దన్నాం."

మాస్టారిని అడిగితే ఆ మాట నిజమేనన్నాడు.

"రెండు జవాబులూ చెప్పాను మేడమ్. ఏది రాస్తే ఏమవుతుందో కూడా చెప్పాను. ఇరవైముగ్గురూ ఇదే రాస్తామన్నారు. భయపడింది నేనే."

"ఈ పద్ధతి ఎవరు నేర్పారు మీకు?"

"ఎవరూ నేర్పలేదు. బడిలో ఉన్నప్పుడు సాహిత్యమంటే గైడే అనుకునేవాణ్ణి. గేము ఆడేటప్పుడు మాత్రం మూలనున్న చిన్న డబ్బాని కూడా వదిలేవాణ్ణి కాదు. ఎవరో పనిగట్టుకుని పెట్టి ఉంటారు కదా, ఎందుకు పెట్టారో అని. కథలో కూడా ప్రతి వస్తువునీ ఒక మనిషి చేత్తో తెచ్చి పెడతాడని పాతికేళ్ళు వచ్చాక తెలిసింది. నా పిల్లలకి పదిహేనుకే తెలియాలనిపించింది."

నేను చాలామంది ఉపాధ్యాయులను చూశాను. తమకు తెలిసినది చెప్పేవారు ఎందరో ఉంటారు. తాము ఆలస్యంగా తెలుసుకున్నందుకు పిల్లలు కూడా ఆలస్యం కాకూడదని తపించేవారు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. ఆ సన్నటి మనిషికి లేచి నమస్కారం పెట్టాలనిపించింది. విచారణాధికారి అలా చేయకూడదు గనుక కలం మూత బిగించి బయటికి వచ్చాను.

ఇంటికి వెళ్ళే బస్సులో ఒక గొంతు వినిపించింది. "పాఠంలో లేని తాడు ఈమెగారి చేతికి ఎలా వచ్చింది?" అని నవ్వించడానికి అడుగుతున్న గొంతు. ఆ గొంతు నాదే. ఎదురుగా నలభైమంది ఆడపిల్లలు నవ్వుతున్నారు. నా చేతిలో ఒక జవాబు కాగితం. మూడో వరుసలో, కిటికీ పక్కన, ఒక పిల్ల నవ్వకుండా నన్నే చూస్తోంది. ఆ ముఖం పోల్చుకోవడానికి రెండు స్టాపులు పట్టింది.

ఆ రోజుల్లో చివరి పరీక్ష పేపర్లు కూడా బడిలోనే దిద్దేవాళ్ళం. మా చెల్లెలు నా తరగతిలోనే చదివేది. చెల్లెలు కదా, నాలుగు మార్కులు ఎక్కువేసుకుంటుందని ఎవరూ అనకూడదన్న పట్టుదలతో, దాని పేపరును మిగతావారి పేపర్ల కంటే రెండింతలు కఠినంగా దిద్దేదాన్ని. ఆ పట్టుదలను నేను న్యాయం అనుకున్నాను. దాని జవాబుకు సున్నా వేసి, నిష్పక్షపాతం అందరికీ కనబడాలని, తరగతిలో పైకి చదివి, నవ్వించి, కాగితం రెండుగా చింపాను. కళాశాలలో సాహిత్యం సీటు దానికి నాలుగు మార్కుల్లో తప్పిపోయింది. మార్కులు తగ్గాయన్నది నాకు గుర్తుంది. ఎందుకు తగ్గాయన్నదే మరిచాను. కాన్వెంటులో ప్రతి సాయంత్రం ఆత్మపరిశీలన చేయించేవారు. చేసిన పాపాలు లెక్కపెట్టుకోవడం నాకు బాగా వచ్చు. పుణ్యమనుకొని చేసినవాటిని లెక్కపెట్టుకోవాలని మాత్రం ఎన్నడూ తోచలేదు.

చెల్లెలు వరండాలో కూర్చుని దుప్పటికి అంచు కుడుతోంది. చెప్పులు విప్పకుండానే ఎదురుగా నిలబడ్డాను.

"నీకు మొన్ననే తెలుసు," అన్నాను.

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"సాక్షి తనంతట తాను ఎగేసుకుని రాకూడదు, పిలిస్తే రావాలి అని నువ్వే కదా అంటావు." దారం కొరికింది. "నిలబడ్డావేం అక్కా, కూర్చో. మోకాళ్ళు పట్టేస్తాయి."

కూర్చున్నాను. "పదహారేళ్ళ పిల్లవి. నీకెలా కనబడింది ఆ తాడు?"

"అమ్మ పోయాక ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో చూసింది ఎవరు? నువ్వు ఎర్రసిరా, పేపర్లు. నేను కత్తెర, తాళంచెవి, అగ్గిపెట్టె. ఏదైనా మేడ మీదికి పోతే తిరిగి కిందికి వచ్చిందా లేదా అని చూసుకోవడమే నా పని. పడవవాడి తాడు కూడా అలాగే చూశాను. పెద్ద తెలివేం కాదు."

"నన్ను తిట్టలేదు నువ్వు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా."

"తిట్టానే. నీకు వినబడేలా తిట్టలేదు, అంతే. డిపోలో నా బల్ల కింద ఎప్పుడూ నాలుగు కథల పుస్తకాలు ఉండేవి. ఒక్కోటీ చదివినప్పుడల్లా నీకో తిట్టు. బాగా చదివాను నీ పుణ్యమాని."

అలా అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

"ఇప్పుడు ఏం చేయమంటావు, చెప్పు."

"ముందు ఆ పిల్లల సంగతి చూడు. నలభైరెండేళ్ళు ఆగినదాన్ని, ఇంకో వారం ఆగలేనా?"

నివేదిక రాయడానికి మూడు రోజులు పట్టింది. మొదటి పేజీలో ముందే నింపిన మూడు వాక్యాల్లో రెండింటిని కొట్టివేసి, ఆ పక్కన సంతకం పెట్టి, ఇలా రాశాను: "నమూనా జవాబు రాసిన నా వల్ల. పాఠాన్ని సరిగా చదవకపోవడం ద్వారా." బోర్డు సమావేశంలో కార్యదర్శి ఆ పేజీని రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశాడు.

"మేడమ్, ఇది మీరు రాసిన జవాబే కదా."

"అందుకే చెబుతున్నాను. ఇంకొకరిదైతే ఇంత నమ్మకంగా తప్పని చెప్పేదాన్ని కాదు."

"మరి ఇన్నేళ్ళూ ఆ జవాబుకి మార్కులు వేశాం కదా. ఇప్పుడు తప్పంటే బోర్డు పరువేం కావాలి?"

"బోర్డు పరువు ఇరవైముగ్గురు పిల్లల ఏడాది కంటే విలువైనదని ఎక్కడైనా రాసి ఉంటే చూపించండి, చదువుతాను. ఈ వయసులో ఇప్పుడిప్పుడే చదవడం నేర్చుకుంటున్నాను."

పక్కనున్న సభ్యుడొకడు నవ్వు దాచుకోవడానికి నీళ్ళు తాగాడు. కార్యదర్శి దగ్గర ఇంకో ప్రశ్న ఉంది. పిల్లలు వేరేగా ఆలోచించారు సరే, ఆ గేముల సంగతేమిటని. నేను పాఠం ప్రతులు అందరికీ పంచి, తాడు ఎక్కడుందో వెతకమన్నాను. పదకొండుమంది సభ్యులు. పావుగంట గడిచాక ఇద్దరు కనుక్కున్నారు. "ఆ గదిలో ఇరవైముగ్గురికి ఇరవైముగ్గురూ కనుక్కున్నారు. అక్కడ గేము కథకు బదులు కాదు. కథను ఎలా వెతకాలో చేతికి అలవాటు చేసే సాధన. వెళ్ళి చూసి రండి, తర్వాత మాట్లాడదాం," అన్నాను.

నలుగురు వెళ్ళి చూసి వచ్చారు. పేపర్లను కొత్తవాళ్ళు ముగ్గురు తిరిగి దిద్దారు. అందరికీ పదేసి రాలేదు, రాకూడదు కూడా. నత్తకు ఎనిమిది, సమయం చాలక చివరి వాక్యం పూర్తి కాలేదు. తుపాకికి ఆరు, తాడు సంగతి చెప్పాడు గానీ పేజీలు చూపలేదు. ఫలితాలు విడుదలయ్యాయి, ఇరవైముగ్గురి పేర్లూ హాజరుపట్టీలోకి ఎక్కాయి. మాస్టారికి ఇచ్చిన సంజాయిషీ నోటీసును రాతపూర్వకంగా ఉపసంహరించారు. ప్రశ్నకు రెండు జవాబులూ చెల్లుతాయని, ఆధారం చూపినవారికే పూర్తి మార్కులని బోర్డు కొత్త ఉత్తర్వు వేసింది.

ఆ ఉత్తర్వు వచ్చిన రోజు చెల్లెలితో అన్నాను. "మార్కు వేయాలంటే కాగితం కావాలి. నీ కాగితం లేదు."

"చింపింది నువ్వు, మళ్ళీ రాయాల్సింది నేనా? బాగుందమ్మా న్యాయం." మళ్ళీ తనే, "రాస్తాను. కానీ ఇంట్లో కాదు. అప్పుడు క్లాసులో చదివావు కదా, ఇప్పుడూ క్లాసులోనే చదవాలి," అంది.

మాస్టారు సంతోషంగా ఒప్పుకున్నాడు. ఒక మంగళవారం ఉదయం మేమిద్దరం మూడు అంతస్తులు ఎక్కాం. చెల్లెలు బెంచీలన్నీ కలయజూసి మూడో వరుసలో, కిటికీ పక్కన కూర్చుంది. అక్కడున్న నత్త పుస్తకాలు సర్దుకొని చోటిచ్చింది.

"మీరు కూడా ఫెయిలయ్యారా అమ్మమ్మా?"

"ఫెయిలవలేదు బుజ్జీ. చేశారు. తేడా ఉంది."

ఇరవైముగ్గురు పిల్లలు దర్జీవాడి పాఠం మీద రాసుకుంటుంటే, యాభైఎనిమిదేళ్ళ మా చెల్లెలు పడవ పాఠం మీద నలభై నిమిషాలు రాసింది. మాస్టారు వరుసల మధ్య తిరుగుతూ ఆమె దగ్గరికి వచ్చినప్పుడు అడుగు చప్పుడు తగ్గించుకోవడం చూశాను. గంట మోగాక కాగితం తెచ్చి నా చేతికిచ్చి, తిరిగి వెళ్ళి తన చోట కూర్చుంది.

బల్ల దగ్గర కూర్చుని దిద్దాను. తాడు ఉంది, ఖాళీ భుజాలు ఉన్నాయి, ఒడ్డున ఆరుగురి చేతులు ఉన్నాయి, పేజీలతో సహా. చివరి పేరా దగ్గర నా కలం ఆగింది. తర్వాత లేచి నిలబడి, నలభైరెండేళ్ళ క్రితం ఈ జవాబును నేను ఏం చేశానో ఆ పిల్లలకు ఒక్క మాట కూడా దాచకుండా చెప్పాను. అప్పుడు జవాబు మొదటి నుంచి చివరి వరకు చదివాను. చివరి పేరా ఇది:

"పడవ వెళ్ళిపోతున్నప్పుడు ముసలామె అరిచినట్లు గానీ, ఏడ్చినట్లు గానీ, వెనక్కి పిలిచినట్లు గానీ పాఠంలో లేదు. మిగతా ఆరుగురూ పడవను చూడగానే అరిచారు. ఆమె అరవలేదంటే అతను తిరిగి వస్తాడని ఆమెకు తెలుసు. కాబట్టి ఆ కప్పు మీద అతను ఆమెకు మాట ఇచ్చాడు. రచయిత ఆ మాటను మనకు వినిపించలేదు. తాడును మాత్రం చూపించాడు."

ఇది నత్తకు కూడా కనబడలేదు. ఆమె అప్పటికే పక్కనున్న పడవ పాఠం తెరిచి ఐదో పేజీలో వేలు పెట్టి వెతుకుతోంది. మాస్టారు గోడకు ఆనుకొని కళ్ళు మూసుకున్నాడు.

"పదికి పది," అన్నాను. "ఆ రోజు ఈ జవాబుకు రావలసిన మార్కులు ఇవే. సున్నా వేసి, నవ్వించి, చింపినది నేను. తప్పు నాది. జవాబులో ఏ తప్పూ లేదు."

"ఒక్క మార్కూ తగ్గించలేదేం మేడమ్," అన్నాడు తుపాకి. "నాకు ఆరే వేశారు."

"నువ్వు పేజీలు చూపలేదు. ఆవిడ చూపింది."

తరగతంతా నవ్వింది. ఈసారి మూడో వరుసలో కిటికీ పక్కనున్న మనిషి కూడా నవ్వింది. కాగితం తీసుకువెళ్ళి ఆమె ముందు పెట్టాను. ఆమె మార్కు చూసింది, నా సంతకం చూసింది, తారీకు సరిగా వేశానో లేదో చూసింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో దాచుకుంది.

"సరిపోయిందక్కా," అంది. "ఇక నువ్వు నాకేం బాకీ లేవు."